ముసలి ట్రాక్టరుకు బీమా అవసరమా?

"బీమా" అనే మాట మనకు ఉర్దూ ద్వారా వచ్చింది. పారసీక భాషలో "బీమ్" అంటే భయం. బీమాకు మూలం ఆ మాటేనని చెబుతారు. సంస్కృతంలో "భీ" అన్నా భయమే. పారసీకానికీ సంస్కృతానికీ పుట్టినిల్లు ఒకటే గనుక ఈ రెండు మాటలూ దాయాదులు. జవాబు పత్రాలలో విద్యార్థులు "భీమా" అని ఒత్తు పెట్టి వ్రాసినప్పుడల్లా మేము ఎర్రసిరాతో దిద్దుతూనే ఉన్నాము. అయినా ఆ తప్పు ఒత్తులో ఒక పాత చుట్టరికం దాగి ఉన్నదని, ఉర్దూ తెలుగు రెండూ చదివే ఈ కళాశాలలో ఒకసారి చెప్పుకోవడం అనుచితం కాదు. భయం నుండి పుట్టిన మాట కనుకనే కాబోలు, బీమా విషయంలో మనిషి రెండు విధాలుగా పొరపడతాడు. భయపడనవసరం లేనిచోట భయపడి డబ్బు కడతాడు. భయపడవలసినచోట ధీమాగా ఉంటాడు. ఈ రెండింటిలో రెండవ పొరపాటు ఎక్కువ ప్రమాదకరమైనది.

గత వేసవి సెలవుల తరువాత డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు పాఠం ముగిశాక మా వద్దకు వచ్చి ఒక కాగితం చేతికిచ్చాడు. వారి ట్రాక్టరు బీమా గడువు ముగియబోతున్నదని తెలిపే నోటీసు అది. "సార్, మా నాయన ట్రాక్టరుకు పదహారేండ్లు నిండినాయి. ఈ ఏడు ఇన్సూరెన్సు కట్టేది దండుగ అంటున్నాడు. కట్టమనేదా, మానుకోమనేదా? మీరే చెప్పండి" అన్నాడు.

తెలుగు పాఠం చెప్పేవారిని ట్రాక్టరు సంగతి అడగడమేమిటని కొందరికి తోచవచ్చు. కాని మా విద్యార్థులలో రైతుల బిడ్డలు, డ్రైవర్ల బిడ్డలు, మెకానిక్కుల బిడ్డలు అనేకులు. ఇంట్లో చదువుకున్నవాడు వాడొక్కడే అయినప్పుడు కాగితం చదివి చెప్పే భారం వాడిదే అవుతుంది. వాడు తన భారాన్ని అధ్యాపకుని వద్దకు తెస్తాడు. మేము ఆ రోజు వెంటనే జవాబు చెప్పలేదు. ఇదే ప్రశ్నకు ఒకప్పుడు మేము తడుముకోకుండా జవాబు చెప్పి ఉన్నాము. ఆ జవాబులో సగమే నిజం. తక్కిన సగానికి మా చిన్నాన్నగారి కుటుంబం మూల్యం చెల్లించింది.

ఒక తొందరపాటు సలహా

మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేసి ఊరికి వచ్చిన కొత్త రోజులవి. చిన్నాన్నగారికి మూడెకరాల నల్లరేగడి చేను, ఒక పాత ట్రాక్టరు, దానికొక ట్రాలీ ఉండేవి. బీమా కట్టవలసిన సమయం వచ్చినప్పుడు ఆయన మమ్మల్ని సలహా అడిగారు. "బండి అమ్మితే లక్ష కూడా రాదు. దానికి ఏటేటా వేలు పోయడమెందుకు?" అని మేము అన్నాము. చదువుకున్న పిల్లవాడి మాట గదా అని ఆయన నమ్మారు. ఆ ఏడు కట్టలేదు. మరుసటి ఏడూ కట్టలేదు.

రెండవ సంవత్సరం శనగ కోతల కాలంలో, ఒక సాయంత్రం, ట్రాలీ టైరు పంక్చరై బండి రోడ్డు అంచున నిలిచిపోయింది. ట్రాలీ వెనుక ఎర్రదీపం లేదు. చీకటి పడ్డాక ఒక మోటారు సైకిలు వెనుకనుండి వచ్చి ఢీకొన్నది. దానిని నడుపుతున్న యువకుడు ఆసుపత్రికి చేరకముందే మరణించాడు. అతనికి భార్య, ఇద్దరు పసిపిల్లలు, ముసలి తల్లి ఉన్నారు. ఆ ప్రమాదంలో మా చిన్నాన్నగారి బండికి జరిగిన నష్టం ట్రాలీ వెనుక తలుపు కొంచెం వంగడం మాత్రమే.

కేసు మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునలుకు వెళ్ళింది. యువకుని అజాగ్రత్త కూడా కొంత ఉన్నదని పరిహారంలో కొంత తగ్గించినా, మిగిలిన మొత్తం చిన్నాన్నగారి మీదనే పడింది. ఎకరంన్నర చేను అమ్మవలసి వచ్చింది. పోనీ, ఆ ఇంటివారికైనా డబ్బు సకాలంలో అందిందా అంటే అదీ లేదు. చేను అమ్ముడుపోయే వరకు, వాయిదాల మీద వాయిదాలుగా, ఆ తల్లీ పిల్లలు ఎదురుచూడవలసి వచ్చింది. చిన్నాన్నగారు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మాకు నేటికీ బరువుగా ఉన్నది.

ఒకే కాగితం, రెండు ఒప్పందాలు

మా సలహాలో తప్పు ఎక్కడున్నదో తరువాత పాలసీ కాగితాలు చదివినప్పుడు తెలిసింది. ఊళ్ళో "ఫుల్ ఇన్సూరెన్సు" అని పిలిచే పాలసీ చూడటానికి ఒక్కటే అయినా అందులో రెండు వేర్వేరు ఒప్పందాలు ఉంటాయి. మన బండి వలన ఇతరుల ప్రాణానికి, దేహానికి, ఆస్తికి కలిగే నష్టాన్ని భరించేది ఒకటి. దీనినే "థర్డ్ పార్టీ" అంటారు. మన బండికే ప్రమాదం, అగ్ని, దొంగతనం, వరద మొదలైన వాటి వలన కలిగే నష్టాన్ని భరించేది రెండవది. ప్రీమియం రసీదులో ఈ రెండింటికీ వేర్వేరు అంకెలు ఉంటాయి. చాలామంది చివరి మొత్తాన్ని మాత్రమే చూస్తారు. మేమూ అంతే చూశాము.

"పాత బండికి బీమా అవసరమా" అనేది ఒక ప్రశ్న కాదు, రెండు ప్రశ్నలు. బండి పాతబడే కొద్దీ రెండవ ఒప్పందం విలువ తరుగుతుంది. మొదటి దాని విలువ తరగదు. యంత్రం ముసలిదవుతుంది గాని, దాని క్రింద పడిన మనిషి ప్రాణం పాతబడదు గదా!

పరులకు కలిగే నష్టం

ఈ మొదటి భాగంలో మన ఇష్టాయిష్టాలకు తావు లేదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం స్థానంలో వచ్చిన 1988 చట్టం, 146వ సెక్షనులో, బహిరంగ స్థలంలో తిరిగే ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని శాసించింది. 2019 సవరణ తరువాత 196వ సెక్షను క్రింద, బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేక మూడు నెలల వరకు జైలు, లేక రెండూ విధించవచ్చు. మళ్ళీ పట్టుబడితే జరిమానా 4,000 రూపాయలు. "మా ట్రాక్టరు పొలంలోనే తిరుగుతుంది" అని కొందరంటారు. పొలానికి పోవాలన్నా రోడ్డు దాటవలసిందే.

జరిమానా చిన్నదే. అసలు భయం మరొకటి. పరిహారాన్ని న్యాయస్థానాలు ఎట్లా లెక్కిస్తాయో విద్యార్థులు తెలుసుకోవడం మంచిది. సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన రెండు తీర్పులు ఈ లెక్కకు ఒక పద్ధతి ఏర్పరచాయి. 28 ఏళ్ళ కూలి మనిషి ఒకరు, నెలకు 10,000 రూపాయలు సంపాదించేవారు, నలుగురిని పోషిస్తున్నవారు ప్రమాదంలో మరణించారనుకుందాము. స్వయంగా కష్టించి బ్రతికేవారికి, వయసు నలభై లోపు అయితే, మున్ముందు పెరగగల సంపాదన క్రింద నూటికి 40 వంతులు కలుపుతారు. అప్పుడు నెలకు 14,000 అవుతుంది. అందులో తన సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేస్తే 10,500 మిగులుతుంది. ఏడాదికి అది 1,26,000. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 17. కాబట్టి మొత్తం 21,42,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మొదలైనవి దీనికి అదనం.

ఈ లెక్కలో బండి వయసు ఎక్కడా లేదు. దాని వెల కూడా లేదు. నిన్న కొన్న ట్రాక్టరైనా, ఇరవై ఏళ్ళ ట్రాక్టరైనా పరిహారం ఒక్కటే. పైగా పాత బండికి బ్రేకులు, దీపాలు, స్టీరింగు నమ్మదగినవిగా ఉండవు కనుక ప్రమాద భయం దానితోనే ఎక్కువ. లక్ష రూపాయల బండి ఇరవై లక్షల అప్పును తెచ్చిపెట్టగలదు. అందువలన ఈ భాగం బీమాను బండి వెలతో పోల్చి చూడటమే మొదటి తప్పు. దానిని మన చేనుతో, మన ఇంటితో పోల్చి చూడాలి. ఎదుటివారి పిల్లల రేపటి అన్నంతోనూ పోల్చి చూడాలి.

ఇక్కడ మరికొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉంటుంది. పాలసీలో దానిని కూడా చేర్పించాలి. నడిపేవారికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని కుర్రవాని చేతికి బండి ఇచ్చి ప్రమాదం జరిగితే, కంపెనీ బాధితులకు చెల్లించినా, ఆ డబ్బును తిరిగి యజమాని నుండి రాబట్టుకోమని కోర్టులు ఉత్తరువులిస్తున్నాయి. 15 ఏళ్ళు నిండిన ట్రాక్టరు రిజిస్ట్రేషనును ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. బీమా ఉండి ఇవి లేకపోతే, గొడుగు ఉండి గుడ్డ చిరిగినట్లే.

ట్రాలీలో మనుషులు

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలోనూ, అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ, కూలీలను తీసుకువెళుతున్న ట్రాక్టరు ట్రాలీలు కాలువలలో పడిపోయాయి. మరణించినవారిలో అత్యధికులు పొలం పనులకు బయలుదేరిన స్త్రీలు. ఇటువంటి ప్రయాణం మన ప్రాంతంలో కూడా ప్రతి ఉదయం చూస్తున్నదే. పత్తి తీతలకు, మిరప కోతలకు ముప్పై మంది ట్రాలీలో నిలబడి పోతుంటారు.

బీమా ఉన్నా ఈ ప్రయాణానికి రక్ష లేదన్న సంగతి చాలామంది యజమానులకు తెలియదు. ట్రాక్టరు మీద సీటు డ్రైవరుకు ఒక్కరికే. ట్రాలీ సరుకు కోసం గాని మనుషుల కోసం కాదు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2004లో, వ్యవసాయం పనికని బీమా చేయించిన ట్రాక్టరు ట్రాలీలో తన వ్యాపారపు సరుకుతో ప్రయాణించిన వ్యక్తి విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని తీర్పు చెప్పింది. మడ్‌గార్డు మీద కూర్చున్నవారి విషయంలోనూ కంపెనీలు సాధారణంగా బాధ్యత ఒప్పుకోవు. అప్పుడు భారమంతా యజమానిదే. కావున "థర్డ్ పార్టీ కట్టాను, ఇక ధీమా" అనుకోవడానికి వీలులేదు. కూలీలను ట్రాలీలో ఎక్కించకపోవడం ఒక్కటే ఇందుకు నమ్మకమైన బీమా.

మన బండికి కలిగే నష్టం

ఇక రెండవ భాగం. ఇందులో చట్టం బలవంతం లేదు. లెక్క చూసుకొనే స్వేచ్ఛ మనకున్నది. ఆ లెక్కకు మూడు సూత్రాలు తెలియాలి.

మొదటిది, బండి విలువ. పాలసీలో దీనిని ఐ.డి.వి. అంటారు. కొత్త బండి వెల నుండి వయసును బట్టి తరుగు తీస్తారు. రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాలుగవ ఏట 40, ఐదవ ఏట 50 శాతం తరుగు పోతుంది. ఐదేళ్ళు దాటిన బండికి పట్టిక లేదు. కంపెనీ, యజమాని మాట్లాడుకొని నిర్ణయించుకోవాలి. ఏజెంటు వ్రాసిన అంకెకు తల ఊపకుండా, అటువంటి బండి సంతలో ఎంతకు పోతున్నదో మెకానిక్కును అడిగి చెప్పడం యజమాని పని. బండి పూర్తిగా పోయినా, దొంగలపాలైనా ఈ అంకెను బట్టే డబ్బు వస్తుంది. మరమ్మతు ఖర్చు ఈ అంకెలో 75 శాతం మించితే బండిని పూర్తిగా పోయినట్లే లెక్కిస్తారు.

రెండవది, విడి భాగాల తరుగు. మరమ్మతుకు కొత్త సామాను వేసినప్పుడు కంపెనీ కొత్త వెల ఇవ్వదు. టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు సగమే ఇస్తుంది. ఇనుప సామానుకు తరుగు బండి వయసుతో పెరుగుతుంది: ఐదు నుండి పదేళ్ళ బండికి 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. అంటే ముసలి బండి యజమాని ప్రతి మరమ్మతులోనూ సగం సామాను ఖర్చు తానే భరించాలి.

మూడవది అన్నిటికన్న ముఖ్యం. వాడకం వలన అరుగుదల, యంత్రం తనంతట తాను చెడిపోవడం ఈ పాలసీ క్రిందికి రావు. ముసలి ట్రాక్టరుకు రైతు పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం ఇదే. క్లచ్ ప్లేట్లు పోతాయి, గేరుబాక్సు మొరాయిస్తుంది, ఇంజను బోరుకు వస్తుంది, హైడ్రాలిక్ ఎత్తదు. వీటిలో ఒక్కదానికీ బీమా డబ్బు రాదు. ప్రమాదానికి మందు ఉన్నది గాని ముసలితనానికి లేదు. "బండి పాతది, ఏ క్షణాన ఏమవుతుందో" అని ఫుల్ ఇన్సూరెన్సు కట్టేవారు ఏ భయంతో కడుతున్నారో, సరిగా ఆ భయానికే ఇందులో చోటు లేదు.

ఒక చిన్న లెక్క

మా విద్యార్థిని ఎదుట కూర్చోబెట్టుకొని నల్లబల్ల మీద ఈ విధంగా లెక్క వేశాము. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. ఎవరి నోటీసులోని అంకెలను వారు వేసుకోవాలి.

బండి విలువ 1,60,000 రూపాయలు. సొంత నష్టం భాగానికి ప్రీమియం పన్నుతో కలిపి 2,500 రూపాయలు. బండి గట్టు దిగి పల్టీ కొట్టింది. ముందు యాక్సిలుకు, ఇతర ఇనుప సామానుకు 18,000, టైర్లకు 12,000, మెకానిక్కు కూలి 6,000. మొత్తం 36,000. బండి వయసు పదహారేళ్ళు గనుక కంపెనీ ఇనుప సామానుకు 9,000, టైర్లు పాలసీలో చేరి ఉంటే వాటికి 6,000, కూలికి 6,000, మొత్తం 21,000 ఇస్తుంది. అందులో యజమాని భరించవలసిన భాగం క్రింద 2,000 తీసివేస్తే 19,000 చేతికి వస్తుంది. 19,000ను 2,500తో భాగిస్తే సుమారు ఏడున్నర. అనగా ఏడున్నర సంవత్సరాలకొకసారి ఇటువంటి ప్రమాదం జరిగితే కట్టినదీ వచ్చినదీ సరి. అంతకన్న అరుదుగా జరిగే ఇంట్లో డబ్బు పోతున్నట్లు. అంతకన్న తరచుగా జరిగే ఇంట్లో బీమా కన్న ముందు డ్రైవరును మార్చుకోవాలి.

ఇంతవరకు చూస్తే చిన్న మరమ్మతుల కోసం ముసలి బండికి ఈ భాగం కట్టనవసరం లేదనిపిస్తుంది. మేము చిన్నాన్నగారికి చెప్పిన సలహాలో నిజమైన సగం ఇదే. అయితే బీమా పుట్టినది చిన్న మరమ్మతుల కోసం కాదు. మనిషి ఒక్కసారిగా కూలబడే నష్టం కోసం. కావున లెక్క తరువాత మరికొన్ని ప్రశ్నలు మిగులుతాయి.

లెక్క చెప్పని సంగతులు

బండి ఎక్కడ నిలుస్తుంది? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల వరదలో కర్నూలు పట్టణం మునిగిపోయింది. అటువంటి రోజున ఒక్క ఇంటికి కాదు, ఊరందరికీ ఒకేసారి నష్టం వస్తుంది. మామూలు రోజుల్లో చేబదులు ఇచ్చే పొరుగువాడు కూడా ఆనాడు చేయి చాపే స్థితిలోనే ఉంటాడు. ఏటి ఒడ్డున, వాగు పల్లంలో బండి నిలిపేవారికి, గడ్డివాము ప్రక్కన షెడ్డు వేసుకొన్నవారికి, తలుపు లేని కొట్టంలో రాత్రిళ్ళు బండి వదిలేవారికి ఈ భాగం దండుగ కాదు. అయితే నీట మునిగిన ఇంజనును తొందరపడి స్టార్టు చేస్తే, ఆ తరువాత కలిగే నష్టాన్ని కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ముందు కబురు చేసి, తరువాత మెకానిక్కును పిలవాలి.

బండి పోతే ఇల్లు నడుస్తుందా? రెండు పంటల ఆదాయం, కొంత నిలవ డబ్బు ఉన్న రైతుకు లక్షన్నర నష్టం బాధ మాత్రమే. బాడుగ సేద్యమే జీవనాధారమైన వానికి అదే నష్టం ఒక సంవత్సరపు ఆకలి. ఒకే బండి, ఒకే ప్రీమియం. కాని ఇద్దరికీ జవాబు ఒకటి కాదు. పైగా బాడుగకు త్రిప్పే బండిని "సొంత వ్యవసాయానికి" అని వ్రాయించి బీమా చేస్తే క్లెయిము సమయంలో చిక్కు వస్తుంది. ఉన్నది ఉన్నట్లు వ్రాయించాలి.

బండి మీద అప్పు ఉన్నదా? బ్యాంకు అప్పు తీరేవరకు ఈ ప్రశ్నే పుట్టదు. ఫుల్ ఇన్సూరెన్సు ఉండాలని బ్యాంకే కోరుతుంది. అప్పు తీరిన తరువాత ఆర్.సి. పుస్తకం నుండి, పాలసీ నుండి బ్యాంకు పేరు తీసివేయించడం చాలామంది మరచిపోతారు. ఆ పేరు ఉన్నంతకాలం బండి పోయినప్పుడు వచ్చే డబ్బుకు అది అడ్డు తగులుతూనే ఉంటుంది.

ట్రాక్టరు కాక ఇతర పనిముట్ల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కల్టివేటరు, రోటవేటరు వంటివి పాలసీలో ప్రత్యేకంగా చేర్చనిదే చేరినట్లు కాదు. పంపుసెట్లకు ప్రభుత్వరంగ బీమా కంపెనీలలో వేరే పాలసీ ఉన్నది. అందులో అగ్ని, పిడుగు, దొంగతనంతో పాటు మోటారు కాలిపోవడం వంటి యంత్ర లోపాలకు కూడా అవకాశమున్నది. వైండింగు ఎన్నోసార్లు చుట్టించిన పాత మోటారుకు ఇది గిట్టుబాటు కాకపోవచ్చు గాని, ఊరికి దూరంగా బావి వద్ద ఉండే మంచి మోటారుకు దొంగల భయం దృష్ట్యా ఆలోచించదగినది.

మానదలచినవారు ఎట్లా మానాలి?

పై ప్రశ్నలన్నీ వేసుకొని సొంత నష్టం భాగం అక్కరలేదని తేల్చుకొన్నవారు, పాలసీని గడువు దాటనిచ్చి ఊరుకోకూడదు. "థర్డ్ పార్టీ మాత్రమే" అని చెప్పి కొత్త పాలసీ వ్రాయించుకోవాలి. పాత పాలసీ ముగిసిన గంటకూ కొత్త పాలసీ మొదలయ్యే గంటకూ నడుమ ఒక్క రాత్రి కూడా ఖాళీ ఉండరాదు. ప్రమాదం పంచాంగం చూసుకొని రాదు. క్లెయిములు చేయని సంవత్సరాలకు వచ్చే బోనసు సొంత నష్టం భాగానికే వర్తిస్తుంది. అది మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది. గడువు తీరిన 90 రోజులలోగా పునరుద్ధరించకపోతే అది పోతుంది. ఎక్కువ బోనసు కూడబెట్టుకొన్నవారు మానే ముందు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

సొంతంగా నడిపే యజమాని తన ప్రాణానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకొనే ఏర్పాటు 2018 నుండి ఉన్నది. లైసెన్సు ఉన్న యజమానికే అది వర్తిస్తుంది. దమ్ములో, గట్ల మీద ట్రాక్టరు తిరగబడి నడిపేవాడే దాని క్రింద నలిగిపోయిన సంఘటనలు మన పల్లెలకు కొత్త కాదు. బండిని వదిలినా మనిషిని వదలకూడదు గదా! ఈ భాగం ముసలి ట్రాక్టరుకు ఇంకా అవసరం.

ఇక మిగిలిన ఆ 2,500 రూపాయలు? అవి ఖర్చులలో కలిసిపోతే మనం మిగుల్చుకొన్నది ఏమీ లేదు. మొదటి సంవత్సరం ఆ డబ్బుతో ట్రాలీ వెనుక దీపాలు, ఎర్ర రిఫ్లెక్టరు పట్టీలు వేయించి, బ్రేకులు సరిచేయించాలి. రెండవ సంవత్సరం నుండి పోస్టాఫీసులో వేసుకోవాలి. ఆ దీపం ఆనాడు మా చిన్నాన్నగారి ట్రాలీకి ఉండి ఉంటే, ఏ ట్రిబ్యునలూ అవసరమయ్యేది కాదు. ఇద్దరు పిల్లలకు తండ్రి మిగిలేవాడు.

ముగింపు

మా విద్యార్థి తన తండ్రితో మాట్లాడి మరుసటి వారం వచ్చాడు. వారి ఇల్లు వాగుకు దూరంగా మెరక మీద ఉన్నది, అప్పు తీరిపోయింది, బండి రాత్రిళ్ళు తాళం వేసిన షెడ్డులో ఉంటుంది. సొంత నష్టం భాగం మాని, థర్డ్ పార్టీ, వ్యక్తిగత ప్రమాద బీమా కట్టామని చెప్పాడు. "దీపాలు కూడా ఏయించినాం సార్" అన్నాడు. మరొకరి ఇంటి పరిస్థితులకు వేరే జవాబు రావచ్చు. జవాబు కన్న, ప్రశ్నను రెండుగా విడదీసి చూడటం నేర్చుకొన్నాడన్నదే మాకు సంతోషం కలిగించింది.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. పాలసీ కాగితాలు ఇంగ్లీషులో చిన్న అక్షరాలలో ఉంటాయి. వాటిపై వ్రేలిముద్ర వేసేవారు, సంతకం చేసేవారు వాటిని చదవలేరు. సంవత్సరానికొకసారి, తొలకరికి ముందు, వాణిజ్యశాఖ, ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి ఒక దినం ఏర్పాటు చేసి, విద్యార్థులు తమ ఇండ్ల నుండి తెచ్చిన బీమా, బ్యాంకు కాగితాలను ఉర్దూలోనూ తెలుగులోనూ చదివి అర్థం చెప్పించగలిగితే అది గొప్ప సేవ అవుతుంది. దీనికి డబ్బు అక్కరలేదు; ఒక గది, కొన్ని బెంచీలు, ఓపిక ఉన్న నలుగురు అధ్యాపకులు చాలు.

విద్యార్థులారా! మీ ఇంట్లో మీ మాటకు విలువ ఉన్నది. ఎందుకంటే మీరు చదువుకున్నారు. మా మాటకూ ఒకనాడు అట్లాగే విలువ దక్కింది. పెద్దలు మిమ్మల్ని సలహా అడిగినప్పుడు తొందరపడకండి. కాగితం చివరి దాకా చదవండి. బండి విలువ ఎంత అని అడిగే ముందు, ఆ బండి ముందు నడిచిపోయే మనిషి విలువ ఎంత అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు ఏటేటా తగ్గుతుంది. రెండవ దానికి ఎన్నటికీ తగ్గదు.